60 శాతం బ్లాక్ అంటే నిజంగా ఎంత? పెద్ద ధమనుల్లో రక్తప్రవాహాన్ని లెక్కగట్టే గణితం

సీటీ యాంజియో రిపోర్టులో "ఎల్ఏడీలో (గుండె ముందు భాగానికి రక్తమిచ్చే ముఖ్య ధమని) 60 శాతం బ్లాక్" అని కనిపించగానే ఇంట్లో అందరిదీ ఒకటే ప్రశ్న: స్టెంట్ వెయ్యాలా, మందులు సరిపోతాయా? ఆ 60 అనే అంకె ఒక్కటే చూసి జవాబు చెప్పడం కుదరదు. అదే బ్లాక్ ఒకరి గుండె కండకు రక్తం చాలకుండా చేస్తుంది, మరొకరికి ఏ లోటూ చేయదు. ఈ తేడాను గుండెలోకి వైరు పంపకుండా, సీటీ బొమ్మల నుంచే లెక్కగట్టి చెప్పే పద్ధతి ఒకటి వైద్యంలోకి వచ్చింది. పేరు సీటీ-ఎఫ్ఎఫ్ఆర్ (ఎఫ్ఎఫ్ఆర్ అంటే ఫ్రాక్షనల్ ఫ్లో రిజర్వ్). అమెరికాలోని హార్ట్‌ఫ్లో సంస్థ తయారుచేసిన పద్ధతికి 2014 నవంబరులో అక్కడి మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి దొరికింది. 2017లో బ్రిటన్‌లో ఏ చికిత్స వాడాలో సూచించే నైస్ సంస్థ కూడా దాన్ని సిఫారసు చేసింది.

దీని వెనకున్న సమీకరణాలు చాలా పాతవి, చాలా గట్టివి. ఫలితాన్ని అటూ ఇటూ తిప్పేది ఆ సమీకరణాలు కావు. బొమ్మలోంచి ధమని వెడల్పును ఎంత సరిగ్గా తీశాం, బొమ్మలో ధమని కనిపించడం ఆగిపోయే కొసల దగ్గర ఏం ఊహించాం అన్న రెండింటి మీదే అంతా ఆధారపడి ఉంటుంది. ఆ సంగతిని లెక్కలతోనే చూద్దాం.

## శాతం దేంట్లో: వ్యాసంలోనా, వైశాల్యంలోనా?

3 మి.మీ. వెడల్పున్న ధమని ఒకచోట 1.5 మి.మీ.కు ఇరుకైందనుకుందాం. వ్యాసం లెక్కన అది 50 శాతం బ్లాక్. అడ్డుకోత వైశాల్యం లెక్కన 75 శాతం. ఒకే బ్లాక్‌కు రెండు అంకెలు. యాంజియోగ్రామ్ రిపోర్టుల్లో సాధారణంగా వ్యాసం లెక్కే ఉంటుంది. రక్తనాళం లోపలికి పంపే అల్ట్రాసౌండ్‌లో వైశాల్యం లెక్క ఎక్కువ. ఇక్కడ చెప్పే శాతాలన్నీ వ్యాసం లెక్కలోవే.

## పాయిజే సూత్రం ఏం చెబుతుంది, ఎక్కడ ఆగిపోతుంది

ఫ్రెంచి వైద్యుడు పాయిజే 1840ల నాటికి సన్నని గాజు గొట్టాల్లో నీటిని పారించి ఓ సంబంధం కనిపెట్టాడు. గొట్టం ఈ కొస నుంచి ఆ కొసకు పడిపోయే పీడనం ప్రవాహానికీ, గొట్టం పొడవుకీ, ద్రవం స్నిగ్ధతకీ (చిక్కదనానికీ) అనులోమంగా ఉంటుంది. వ్యాసార్ధం నాలుగో ఘాతానికి మాత్రం విలోమంగా ఉంటుంది. మొత్తం రాస్తే: పీడన నష్టం = 8 × స్నిగ్ధత × పొడవు × ప్రవాహం ÷ (3.14 × వ్యాసార్ధం నాలుగో ఘాతం).

కీలకమంతా ఆ నాలుగో ఘాతంలోనే ఉంది. వ్యాసార్ధం సగమైతే అంతే రక్తం పారడానికి 16 రెట్లు పీడనం ఖర్చవుతుంది. ధమని వెడల్పును 5 శాతం తక్కువగా కొలిస్తే లెక్కలో నిరోధం దాదాపు 23 శాతం పెరిగిపోతుంది.

అయితే ఈ సూత్రానికి షరతులున్నాయి. గొట్టం తిన్నగా, పొడవుగా, గట్టిగా ఉండాలి. ప్రవాహం మారకుండా, పొరలు పొరలుగా సాగాలి. పెద్ద ధమనులు వీటిలో దేన్నీ పూర్తిగా పాటించవు. అవి వంపులు తిరుగుతాయి, కొమ్మలవుతాయి, ప్రతి గుండె కొట్టుకు సాగి ముడుచుకుంటాయి. అందుకే నేవియర్-స్టోక్స్ సమీకరణాలకు వెళ్లాలి. ద్రవంలోని ప్రతి చిన్న ముక్కకూ న్యూటన్ రెండో సూత్రాన్ని వర్తింపజేయడమే వాటి సారం: ముక్క త్వరణానికి కారణం చుట్టూ ఉన్న పీడన తేడా, పక్క పొరల రాపిడి. దీనికి తోడు లోపలికొచ్చిన రక్తం ఎంతో బయటికి పోయేదీ అంతే అన్న షరతు. ధమని ఆకారానికి వీటిని చేత్తో సాధించడం అసాధ్యం. కంప్యూటర్ ఆ ఆకారాన్ని లక్షల చిన్న ముక్కలుగా కోసి సాధిస్తుంది.

## నాడిలో తగిలేది రక్తం కాదు, తరంగం

గుండె నిమిషానికి సుమారు 5 లీటర్లు, అంటే సెకనుకు 83 మి.లీ. రక్తం పంపుతుంది. 2.5 సెం.మీ. వెడల్పున్న బృహద్ధమనిలో దాని సగటు వేగం సెకనుకు 17 సెం.మీ. మాత్రమే. నాడి మాత్రం గుండె కొట్టుకున్న క్షణంలోనే మణికట్టు దగ్గర తగులుతుంది. అక్కడ తగిలేది ఇప్పుడే గుండెలోంచి బయల్దేరిన రక్తం కాదు, గోడ సాగడం వల్ల ముందుకు పరుగెత్తే పీడన తరంగం.

దాని వేగాన్ని డచ్ శాస్త్రవేత్తలు మోయెన్స్, కోర్టెవెగ్ 1878లో సూత్రంగా రాశారు. గోడ గట్టిదనాన్ని గోడ మందంతో గుణించి, రక్త సాంద్రతతోనూ ధమని వ్యాసంతోనూ భాగించి, వర్గమూలం తీయాలి. గట్టిదనం 5 లక్షల పాస్కళ్లు, మందం 2 మి.మీ., వ్యాసం 25 మి.మీ., సాంద్రత ఘనమీటరుకు 1060 కిలోలు అనుకుంటే సెకనుకు 6.1 మీటర్లు వస్తుంది. గోడ నాలుగు రెట్లు బిగుసుకుంటే వేగం రెండింతలవుతుంది. వయసు మీదపడ్డవారిలో మెడ నుంచి తొడ దాకా ఈ వేగం సెకనుకు 10 మీటర్లు దాటితే ధమనులు బిగుసుకున్నాయనడానికి యూరప్ నిపుణులు దాన్ని గీతగా పెట్టుకున్నారు.

తరంగం ముందుకే పోదు. కొమ్మలు చీలిన ప్రతిచోటా కొంత వెనక్కి తిరిగొస్తుంది. బిగుసుకున్న ధమనిలో అది త్వరగా తిరిగొచ్చి, గుండె ఇంకా ముడుచుకుంటుండగానే ఎదురుపడి పై బీపీని పెంచుతుంది.

కొట్టుకునే ప్రవాహం ఆకారాన్ని 1955లో గణితజ్ఞుడు వోమర్‌స్లీ తేల్చాడు. ఆయన పేరుతో ఉన్న సంఖ్య కొట్టుకునే ప్రవాహపు జడత్వానికీ స్నిగ్ధతకూ మధ్య ఏది గెలుస్తుందో చెబుతుంది. నిమిషానికి 72 కొట్టుకుంటే బృహద్ధమనిలో అది దాదాపు 19, గుండె కండకు రక్తమిచ్చే 3 మి.మీ. కరోనరీ ధమనిలో 2.3. పెద్ద సంఖ్య ఉన్నచోట వేగం ధమని అడ్డంగా చదునుగా ఉండి, గోడ పక్కన మాత్రమే ఒక్కసారిగా పడిపోతుంది. ప్రవాహం దాన్ని తోసే పీడన తేడా కంటే వెనకబడి నడుస్తుంది. బృహద్ధమనిలో పాయిజే సూత్రంలోని పారాబోలా ఆకారం (మధ్యలో వేగం ఎక్కువై గోడల వైపు క్రమంగా తగ్గడం) కనిపించకపోవడానికి కారణం ఇదే. చిన్న సంఖ్య ఉన్న కరోనరీలో ఆ ఆకారం చాలావరకు పనికొస్తుంది.

## మూడు స్థాయుల నమూనాలు

అన్నిటికంటే తేలికైనదాంట్లో పొడవు, ఆకారం ఏమీ ఉండవు. ధమనుల వ్యవస్థ మొత్తాన్నీ ఒక సాగే సంచి, దాని వెనక ఒక నిరోధం అనుకుంటారు. గుర్రం రక్తపీడనాన్ని కొలిచి 1733లో ప్రచురించిన స్టీఫెన్ హేల్స్ దీన్ని ఆనాటి అగ్నిమాపక పంపులోని గాలిగదితో పోల్చాడు. పంపు ఆగి ఆగి కొట్టినా గదిలో నొక్కుకుపోయిన గాలి నీటిని ఆగకుండా తోస్తుంది. 1899లో జర్మన్ శాస్త్రవేత్త ఓటో ఫ్రాంక్ దానికి సమీకరణం రాశాడు. పేరు విండ్‌కెసెల్ నమూనా.

లెక్క ఇలా. సగటు పీడనం 93 ఎంఎంహెచ్‌జీ (బీపీ కొలిచే ప్రమాణం), ప్రవాహం సెకనుకు 83 మి.లీ. కాబట్టి నిరోధం 1.1. ధమనుల సాగుడు ఒక ఎంఎంహెచ్‌జీకి 1.5 మి.లీ. అనుకుందాం. రెండింటి లబ్ధం 1.65 సెకన్లు, పీడనం ఎంత నెమ్మదిగా తగ్గుతుందో చెప్పే కాలం. కవాటం మూసుకున్నప్పుడు పీడనం 110 ఉంటే, 0.55 సెకన్ల విశ్రాంతి తర్వాత అది 79కి దిగుతుంది. మామూలు కింది బీపీ అదే కదా. ఇప్పుడు సాగుడును సగం చేద్దాం. అదే మోతాదు రక్తానికి పీడనం ఎక్కువ ఎగబాకుతుంది. 120 దగ్గర మొదలైనా అదే సమయంలో 62కి పడిపోతుంది. పెద్దవాళ్లలో పై బీపీ పెరిగి, కింది బీపీ మామూలుగానో తక్కువగానో ఉండే పరిస్థితి ఈ రెండు అంకెల నమూనాలోనే కనిపిస్తుంది.

విండ్‌కెసెల్‌లో తరంగం ఉండదు, ఎందుకంటే పొడవు లేదు. ఆ లోటును రెండో స్థాయి తీరుస్తుంది. ధమని పొడవునా వైశాల్యం, ప్రవాహం ఎలా మారతాయో చూసే ఏకమితీయ సమీకరణాలివి. వీటిని 1775లోనే గణితజ్ఞుడు ఆయిలర్ రాశాడు, సాధించలేకపోయాడు. ఇవాళ ఒంట్లోని ముఖ్యమైన ధమనులన్నిటినీ కలిపి మామూలు ల్యాప్‌టాప్ మీదే ఈ లెక్క నడపొచ్చు.

మూడో స్థాయి త్రిమితీయ నమూనా. సుడి ఎక్కడ తిరుగుతోంది, గోడ మీద రాపిడి ఎంత అన్నవి ఇందులోనే తెలుస్తాయి. ఆచరణలో ఈ మూడింటినీ కలిపి వాడతారు: బ్లాక్ చుట్టూ త్రిమితీయం, ప్రతి కొమ్మ కొసనా విండ్‌కెసెల్.

## ఒకే బ్లాక్, రెండు జవాబులు

ఎఫ్ఎఫ్ఆర్ అంటే బ్లాక్ దాటాక ఉన్న సగటు పీడనాన్ని బృహద్ధమనిలోని సగటు పీడనంతో భాగిస్తే వచ్చేది. అడెనోసిన్ మందుతో సన్న నాళాలన్నీ పూర్తిగా తెరుచుకున్నప్పుడు కొలుస్తారు. 0.80, అంతకంటే తక్కువ అయితే రక్తం అందడంలో లోటు ఉన్నట్టు లెక్క.

3 మి.మీ. ధమనిలో 10 మి.మీ. పొడవు బ్లాక్ తీసుకుందాం. మొదట్లో పీడనం 90 ఎంఎంహెచ్‌జీ. రక్తం స్నిగ్ధత 0.0035 పాస్కల్-సెకను. బ్లాక్ లేకపోతే సెకనుకు 3 మి.లీ. పారే కొమ్మ ఇది. సిరల వైపు పీడనాన్ని సున్నా అనుకుంటే దిగువ నిరోధం 90 ÷ 3 = 30.

బ్లాక్ దగ్గర నష్టాలు రెండు. ఒకటి రాపిడి, పాయిజే లెక్కన ప్రవాహంతో పాటే పెరుగుతుంది. రెండోది ఇరుకులోంచి దూసుకొచ్చిన ధార వెడల్పైన చోట చెదిరి సుడులు తిరగడం వల్ల పోయే శక్తి. ఇది సాంద్రతలో సగాన్ని రెండు వేగాల తేడా వర్గంతో గుణిస్తే వస్తుంది, కాబట్టి ప్రవాహం వర్గంతో పెరుగుతుంది.

50 శాతం బ్లాక్ (1.5 మి.మీ.): రాపిడి నష్టం 2.11 × ప్రవాహం, ధార నష్టం 0.72 × ప్రవాహం వర్గం. ఈ రెండూ, దిగువ నిరోధం దగ్గర ఖర్చయ్యే 30 × ప్రవాహమూ కలిపితే 90 కావాలి. సాధిస్తే ప్రవాహం 2.65 మి.లీ., బ్లాక్ తర్వాత పీడనం 79.4, ఎఫ్ఎఫ్ఆర్ 0.88. లోటు లేదు.

60 శాతం బ్లాక్ (1.2 మి.మీ.): గుణకాలు 5.16, 2.19 అవుతాయి. ప్రవాహం 2.25కి తగ్గుతుంది, పీడనం 67.4కి పడుతుంది, ఎఫ్ఎఫ్ఆర్ 0.75. లోటు ఉంది. రెండు బ్లాకుల మధ్య తేడా 0.3 మి.మీ. మామూలు సీటీలో ఒక్కో పొర మందమే 0.5 నుంచి 0.6 మి.మీ. ఉంటుందన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి.

ఇప్పుడు అదే 60 శాతం బ్లాక్‌ను సగం కండకు మాత్రమే రక్తమిచ్చే చిన్న కొమ్మలో పెడదాం. బ్లాక్ లేకపోతే అందులో 1.5 మి.లీ.యే పారుతుంది, అంటే దిగువ నిరోధం 60. సాధిస్తే ప్రవాహం 1.32, ఎఫ్ఎఫ్ఆర్ మళ్లీ 0.88. బ్లాక్ మారలేదు, దాని వెనకున్న కండ మారింది.

ఈ లెక్క కొత్తగా చేసేవాళ్లు బ్లాక్ ఉన్నా ప్రవాహాన్ని 3 దగ్గరే బిగించేస్తారు. అప్పుడు 60 శాతం బ్లాక్‌కు నష్టం 35 అయి ఎఫ్ఎఫ్ఆర్ 0.61 వస్తుంది. అది తప్పు. బ్లాక్ పెరిగేకొద్దీ ప్రవాహమే తగ్గుతుంది కాబట్టి రెండింటినీ కలిపే సాధించాలి.

పెద్ద కొమ్మలోని 60 శాతం బ్లాక్‌నే విశ్రాంతిలో చూస్తే, సెకనుకు 1 మి.లీ. ప్రవాహానికి నష్టం 7 ఎంఎంహెచ్‌జీ మాత్రమే. దిగువ నాళాలు కాస్త తెరుచుకుని దాన్ని సర్దేసుకుంటాయి. కూర్చున్నప్పుడు ఏమీ తెలియని మనిషికి మెట్లెక్కితే ఛాతీ పట్టేయడం ఈ వర్గం పదం చలవే.

## సీటీ నుంచి అంకె దాకా: ఎక్కడెక్కడ తప్పుతుంది

స్కాన్‌కు ముందు గుండె లయను నిమిషానికి 60 దగ్గరికి దించుతారు, నాలుక కింద నైట్రోగ్లిజరిన్ ఇస్తారు. లయ ఎక్కువుంటే బొమ్మ మసకబారుతుంది. మందు ఇవ్వకపోతే ధమనులు అసలు వెడల్పు కంటే సన్నగా కనిపిస్తాయి. క్యాల్షియం పేరుకున్న చోట తెల్లటి మెరుపు పక్కలకు పాకి, రక్తం పారే దారిని నిజం కంటే ఇరుగ్గా చూపిస్తుంది. నాలుగో ఘాతం సంగతి తెలిశాక ఇది ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు.

తర్వాత కొసల దగ్గర ఊహలు. గుండె కండ బరువును సీటీలోనే కొలిచి, విశ్రాంతిలో మొత్తం కరోనరీ ప్రవాహం ఎంతో అంచనా వేస్తారు. ఆ ప్రవాహాన్ని కొమ్మల వెడల్పును బట్టి పంచుతారు. దీనికి పునాది 1926 నాటి మర్రే సూత్రం: తల్లి కొమ్మ వ్యాసార్ధం ఘనం, పిల్ల కొమ్మల ఘనాల మొత్తానికి సమానం. చివరగా అడెనోసిన్ ఇస్తే నిరోధం ఎంత తగ్గుతుందో జనసగటును బట్టి పెడతారు. ఈ మూడో ఊహే అన్నిటికంటే బలహీనమైనది. ఏళ్ల తరబడి మధుమేహం ఉన్నవారిలో సన్న నాళాలు అంతగా తెరుచుకోకపోవచ్చు. నమూనా అవి తెరుచుకున్నాయనుకుని ఎక్కువ ప్రవాహం వేస్తుంది, బ్లాక్‌ను నిజం కంటే తీవ్రంగా చూపిస్తుంది.

కంప్యూటర్ పనిలోనూ గోతులున్నాయి. మి.మీ.లలో గీసిన ధమనిని సాఫ్ట్‌వేర్ మీటర్లుగా చదివితే ఫలితం అర్థంలేనిదైపోతుంది, బొమ్మ మాత్రం చక్కగానే కనిపిస్తుంది. మెష్‌ను (ధమనిని కోసిన చిన్న ముక్కల వలను) ఇంకా సన్నగా కోసి మళ్లీ నడిపితే జవాబు మారకూడదు. మారితే మొదటిది నమ్మదగింది కాదు. కొట్టుకునే ప్రవాహంలో మొదటి ఒకట్రెండు గుండెచక్రాల ఫలితాన్ని పారేసి, చక్రం నుంచి చక్రానికి తేడా లేకుండా పోయాకే తీసుకోవాలి. బృహద్ధమనిలో గుండె సడలినప్పుడు కొసల దగ్గర రక్తం కాసేపు వెనక్కి పారుతుంది. దాన్ని పట్టించుకోకుండా రాసిన కోడ్ ఆ క్షణంలోనే అదుపు తప్పి ఆగిపోతుంది.

## గోడ కదలాలా, రక్తం చిక్కబడాలా?

రక్తం నీటిలాంటిది కాదు. నెమ్మదిగా కదిలితే ఎర్రకణాలు అంటుకుని చిక్కబడుతుంది, వేగంగా కదిలితే పలచబడుతుంది. పెద్ద ధమనుల్లో పొరల మధ్య వేగం తేడా ఎక్కువ కాబట్టి స్నిగ్ధతను స్థిరంగా ఉంచినా పెద్ద తప్పు రాదని ఎక్కువమంది ఒప్పుకుంటారు. ధమని గోడ సంచిలా ఉబ్బి రక్తం దాదాపు నిలిచిపోయే చోట్ల మాత్రం ఆ వాదన బలహీనపడుతుంది.

గోడ విషయంలో భేదం ఎక్కువ. కరోనరీలో సగటు పీడన నష్టమే కావాలి కనుక గట్టి గోడ చాలునని ఎక్కువ సీటీ-ఎఫ్ఎఫ్ఆర్ పద్ధతుల వాదన. అది సబబే అనిపిస్తుంది. బృహద్ధమనిలో తరంగమే ముఖ్యమైనప్పుడు గట్టి గోడ పెడితే తరంగ వేగం అనంతమైపోతుంది, అంటే ఫిజిక్సే పోతుంది. కదిలే గోడ పెడితే ఇంకో చిక్కు. గోడ సాంద్రత రక్తం సాంద్రతకు దగ్గరగా ఉంటుంది. రక్తం లెక్క ఒకసారి, గోడ లెక్క ఒకసారి విడివిడిగా చేస్తూ పోతే ఒకదాని తప్పును మరొకటి పెంచి లెక్కే అదుపు తప్పుతుంది. కాలపు అడుగును (ఒక లెక్కకూ తర్వాతి లెక్కకూ మధ్య సమయాన్ని) ఎంత చిన్నది చేసినా ఆగని ఈ జబ్బుకు కారణాన్ని 2005లో కోసాన్, జెర్బో, నోబిలె గణితంగా తేల్చారు. అందుకే రెండింటినీ ప్రతి అడుగులో కలిపి సాధించాల్సి వస్తుంది, ఖర్చు పెరుగుతుంది.

## గోడ మీద రాపిడి: ఎక్కువైతే చేటా, తక్కువైతే చేటా?

1968లో ఫ్రై అనే శాస్త్రవేత్త, ఎక్కువ రాపిడి ధమని లోపలి పొరను చెడగొడుతుందని ప్రయోగాలతో చూపించాడు. మరుసటి ఏడాదే లండన్‌లో కారో బృందం దానికి ఎదురు చెప్పింది. కొవ్వు పేరుకునేది రాపిడి తక్కువున్న చోట, కొమ్మల చీలికల వెలుపలి గోడల దగ్గర అని. తర్వాతి కొలతలు కొవ్వు మొదలయ్యే చోటు విషయంలో కారో వైపే మొగ్గాయి. ఆరోగ్యమైన ధమనిలో రాపిడి 1 నుంచి 2 పాస్కళ్లు. 0.4 కంటే తగ్గి, దిశ కూడా మారుతూ ఉండే చోట్లే జబ్బు ఎక్కువ. అలాగని ఫ్రై మాట పూర్తిగా పోలేదు. మెదడు ధమనుల ఉబ్బుల్లో ఒక పరిశోధన ఎక్కువ రాపిడిని, మరొకటి తక్కువ రాపిడిని పగులుతో ముడిపెట్టాయి. ఒక్కో బృందం ఒక్కో కొలమానం, ఒక్కో కొస షరతు వాడితే ఇలాంటి వైరుధ్యాలు తప్పవు.

## ఎంతవరకు నమ్మొచ్చు

లోపల వైరుతో కొలిచిన ఎఫ్ఎఫ్ఆర్‌కు గట్టి ఆధారం ఉంది. 2009 నాటి ఫేమ్ పరీక్షలో 1005 మంది పాల్గొన్నారు. బ్లాక్‌ను కంటితో చూసి స్టెంట్లు వేసిన వారిలో ఏడాదిలో 18.3 శాతం మందికి మరణం, గుండెపోటు, మళ్లీ ప్రక్రియ అవసరం లాంటివి ఎదురయ్యాయి. కొలిచి వేసిన వారిలో 13.2 శాతం మందికే. స్టెంట్ల సంఖ్య కూడా 2.7 నుంచి 1.9కి తగ్గింది.

లెక్కగట్టిన ఎఫ్ఎఫ్ఆర్ ఆ కొలతకు ఎంత దగ్గర? 2014 నాటి ఎన్ఎక్స్‌టీ అధ్యయనంలో 254 మందిలో 81 శాతం మందికి రెండూ ఒకే తీర్పు ఇచ్చాయి. 2017లో వచ్చిన ఒక సమీక్ష ఇంకా లోతుకు వెళ్లింది. లెక్క 0.90 పైన వస్తే దాదాపు ఎప్పుడూ సరే. 0.70, 0.80 మధ్య వస్తే మాత్రం సగానికంటే తక్కువ సందర్భాల్లోనే సరి. పై ఉదాహరణలో 0.3 మి.మీ. తేడాయే 0.88ని 0.75 చేసిందని చూశాం కాబట్టి ఇందులో ఆశ్చర్యం లేదు.

మద్దతుదారులు అనవసరమైన కేథటర్ పరీక్షలు (సన్న గొట్టాన్ని లోపలికి పంపి చేసేవి) తగ్గుతాయంటారు. బ్రిటన్‌లో 1400 మందితో జరిగిన ఫోర్‌కాస్ట్ పరీక్ష (2021) అది నిజమేనని, 22 శాతం తగ్గాయని చూపింది. అదే పరీక్షలో మొత్తం ఖర్చు మాత్రం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. మద్దతుదారుల మాటా, సందేహించేవాళ్ల మాటా ఆ ఒక్క ఫలితంలోనే ఉంది.

ఇక ఈ లెక్క అసలు ముట్టుకోని ప్రశ్న ఒకటుంది. గుండెపోటు ఎక్కువసార్లు వచ్చేది పేరుకున్న కొవ్వు పొర చిట్లి, అక్కడ రక్తం గడ్డకట్టడం వల్ల. పీడన నష్టం తక్కువున్న బ్లాక్ కూడా చిట్లవచ్చు. 2019లో వచ్చిన ఎమరాల్డ్ అధ్యయనం, తర్వాత గుండెపోటు లాంటి అత్యవసర స్థితిలో పడిన 72 మంది పాత సీటీలను వెనక్కి తీసి, చిట్లిన పొరల మీద పనిచేసిన బలాలను లెక్కగట్టింది. వాటి మీద రాపిడి, పీడన నష్టం ఎక్కువగా ఉన్నట్టు కనిపించింది. 72 మంది చిన్న సంఖ్య, పైగా జరిగిపోయినదాన్ని వెనక్కి చూసిన అధ్యయనం. రాబోయే గుండెపోటును ముందే చెప్పే పనికి ఈ గణితాన్ని వాడాలంటే ఇంకా చాలా పెద్ద పరీక్షలు కావాలి.